అద్దమెందుకండీ, ముక్కుండగా

మోటార్ సైకిల్‌కి అద్దాలు శుద్ధ దండగ! కోప్పడకండి. గుంటూరు మిర్చి యార్డు రోడ్డు మీద పదేళ్లుగా బండి నడుపుతున్న జయపాల్ మాస్టారి సిద్ధాంతమిది. సందుల్లో దూరేటప్పుడు అడ్డొస్తున్నాయని ఆయన రెండూ ఊడబీకారు. ఒకటి అటకెక్కింది. రెండోది పెరట్లో కుళాయి పైన మేకుకు తగిలించి, అందులో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నారు.

మరి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక నుంచి ఎవడైనా గుద్దితే? అందుకే కదా దేవుడు ముక్కిచ్చింది! మిర్చి బస్తాల లారీ ఇంకా యాభై గజాల దూరంలో ఉండగానే ఘాటొస్తుంది. మొదటి తుమ్ముకు గేరు వేయాలి, రెండో తుమ్ముకు పక్కకు తప్పుకోవాలి. ఏ కంపెనీ బండికైనా ఇలాంటి అలారం ఉందా? జలుబు చేసిన రోజున మాస్టారు బండి తీయకుండా ఆటోలో వెళ్లేవారు. భద్రత విషయంలో అంత నిక్కచ్చి మనిషి.

భార్య సంతోషకుమారి నర్సు. రోజూ డ్యూటీకి ఆయనే దింపుతారు.

"అద్దం బిగించండి. వెనక కూర్చునేది నేను" అనేదామె.

"అంటే నా ముక్కు మీద నీకు నమ్మకం లేదంటావు" అని ఆయన నొచ్చుకునేవారు.

మొన్న ఆమెను డ్యూటీకి దింపడానికి వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగారు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుని, ముందున్న బస్సు వెనకే తీరిగ్గా నిలబడ్డారు. ఘాటు లేదు, తుమ్ము లేదు, ప్రాణం హాయిగా ఉంది. అప్పుడు వెనక నుంచి వచ్చి తగిలింది పత్తి ట్రాక్టరు. దానికి బ్రేకులున్నాయా అని నన్నడక్కండి.

పత్తికి ఘాటుండదు. పదేళ్ల పరిశోధనలో పాపం ఈ ఒక్క సంగతే మాస్టారి దృష్టికి రాలేదు.

ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది. సంతోషకుమారికి కుడిచెయ్యి విరిగింది. తను పనిచేసే ఆసుపత్రిలోనే మంచమెక్కి కట్టు కట్టించుకుంటూ ఆమె ఒక్క మాటే అంది.

"ఇకనుంచి పత్తివాళ్లు కూడా కాస్త కారం చల్లుకుని రావాలండీ, మీ కోసం."

మర్నాడు పొద్దున మాస్టారు గడ్డానికి సబ్బు రాసుకుని అద్దంలో చూశారు. తన మొహం వెనక సంతోషకుమారి కనిపించింది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతుంటే, ఎడంచేత్తో బిందె ఎత్తలేక అవస్థ పడుతోంది. పదేళ్లలో ఆయన ఆ అద్దంలో వెనక్కి చూడడం అదే మొదటిసారి.

సబ్బు మొహంతోనే వెళ్లి బిందె అందుకున్నారు. తర్వాత మేకు మీంచి అద్దం తీసి, స్పానర్ కోసం ఇల్లంతా వెతికారు.