గౌరవంగా తప్పుకోవడం

బుల్లబ్బాయికి ఓట్లేసేవాళ్లు ఊళ్లో పెద్దగా లేరు గానీ, ఓట్లు చీలుస్తాడన్న భయం మాత్రం అందరికీ ఉండేది. ఆ భయమే ఆయన ఆస్తి. రావులపాలెం పక్కనున్న తమ ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు కాగానే, భార్య రత్నమాణిక్యం చేత నామినేషన్ వేయించాడు. గెలవడానికి కాదు. పోటీలో ఉన్న అమ్మిరాజు కోడలికి అడ్డు తగిలి, ఆనక తప్పుకుంటే, నీటి సంఘం అధ్యక్ష పదవి తనకొస్తుందని.

ఫ్లెక్సీ కూడా కట్టించాడు. అందులో ఆయన నిలువెత్తున దండం పెడుతుంటే, అభ్యర్థి ఓ మూల తపాలా బిళ్లంత ఉంది.

అమ్మిరాజు దిగొచ్చి, ఆ పదవి ఇప్పిస్తానని మాటిచ్చాడు. ఆఖరి రోజు పొద్దున్నే బుల్లబ్బాయి చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యతో చెప్పాడు.

“మూడింటిలోపు ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టెయ్యాలి.”

“ఉపసంహరణంటే ఏంటండి?”

“బరిలోంచి గౌరవంగా తప్పుకోవడం.”

“ఎవరికండి గౌరవం?”

“రాజకీయాల్లో పెద్దపెద్దవాళ్లు వాడే మాటే అది. నీకెందుకా వివరాలు?”

“టైలరింగ్ షాపు పెడతానంటే మీ అమ్మగారికి ఎవరు వండుతారన్నారు, మానేశాను. అంగన్‌వాడీ ఉద్యోగం వస్తే పరువు పోతుందన్నారు, మానేశాను. అప్పుడు దానికింత మంచి పేరుందని తెలీదండి.”

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. కానీ పదవి ముందు అదో లెక్కా? ఇస్త్రీ చీర కట్టుకోమన్నాడు.

పంచాయతీ ఆఫీసు గుమ్మంలో పోలీసు అభ్యర్థిని మాత్రమే లోపలికి పంపాడు. బుల్లబ్బాయి బయట అమ్మిరాజుతో కిళ్లీ నములుతూ, కాలవల పూడిక గురించి అప్పుడే అధ్యక్షుడిలా మాట్లాడాడు. మూడు దాటాక ఆవిడ వచ్చింది.

“సంతకం పెట్టావా?”

“పెట్టానండి. ఎన్నికల గుర్తు ముట్టినట్టు. కత్తెర ఇచ్చారు.”

అమ్మిరాజు కిళ్లీ ఉమ్మేసి బండెక్కాడు.

“నా పరువు తీశావు. ఒక్క మాట నాతో చెప్పకూడదూ?”

“నామినేషన్ వేసేటప్పుడు నన్నడిగారా?”

ఆవిడ ఇదివరకు ఇలాంటివి అడగకపోలేదు. ఆయన వినలేదంతే. ఇప్పుడు విని, సిగ్గుపడి, వెంటనే తేరుకున్నాడు. పోన్లే, గెలిస్తే సర్పంచ్ భర్తగా పెత్తనం తనదేగా.

మర్నాడు సెంటర్లో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. రత్నమాణిక్యం నిలువెత్తున నిలబడి ఉంది, చేతిలో కత్తెర. ఆయన తన కోసం మూలమూలలా వెతుక్కున్నాడు. తపాలా బిళ్లంతైనా లేడు.

ఇంటికొచ్చి పీట మీద కూలబడ్డాడు.

“నా ఫొటో ఏదే?”

“ఉపసంహరించానండి,” అంది ఆవిడ పప్పు వడ్డిస్తూ. “గౌరవంగానే.”