బొమ్మిడాయిలు కాని చేపలు

ఆ శనివారం విలియం పెట్టుకున్న పని చాలా చిన్నది. చేపలు కడిగి పులుసు పెట్టాలి, నాలుగింటికి అమ్మ జ్ఞాపకార్థం ప్రార్థన జరిపించాలి, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టాలి. వాళ్ళమ్మ రాహేలమ్మ నర్సాపురంలో చనిపోయి ఆ రోజుకు నలభై రోజులు. కబురు సిడ్నీకి, టూంగాబీలోని అతని ఇంటికి చేరేసరికే సమాధి కూడా అయిపోయింది. విలియం ఏడవలేదు. మర్నాడు ఎప్పటిలాగే రైలెక్కి ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ముప్ఫై కుటుంబాలను పిలిచాడు. అది 1990 ఆగస్టు, అక్కడ చలికాలం ముదిరి ఉంది, పైగా మూడు రోజులుగా వాన. ఎన్నడూ చూడని ముసలమ్మ కోసం ఆ వానలో ఎవరు కదులుతారు? ఒకరికి షిఫ్టు, ఇంకొకరి పిల్లలకు పరీక్షలు. పాస్టరుగారితో కలిపి తొమ్మిదిమంది వస్తామన్నారు.

"తొమ్మిదిమందైనా చాల్లే," అన్నాడు భార్యతో. అన్న తీరుకు శాంతి ఉల్లిపాయలు తరగడం ఆపి అతనివైపు చూసింది.

అమ్మ పెట్టే బొమ్మిడాయిల పులుసు ఆ రోజు బల్లమీద ఉండాలని విలియం పట్టుదల. ఆ చేపలు తెచ్చే పని స్నేహితుడు కోటేశ్వరరావు నెత్తిన వేసుకున్నాడు. అతను దక్షిణాన మొరూయా దగ్గర వంతెన పనిలో ఇంజనీరు. తొమ్మిదింటికి తడి గోనెసంచీ తెచ్చి వంటింటి సింకులో దింపాడు.

"నదిలో రాళ్ళకి అతుక్కుని వేలాడుతున్నాయిరా. చూడగానే మన బొమ్మిడాయిలే అనుకున్నా. ఫ్రెష్, ఇంకా బతికే ఉన్నాయి," అని చెప్పి, కుర్చీలు తేవడానికి వెళ్ళిపోయాడు.

శాంతి సంచీ విప్పి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఏవండీ, వీటి నోరు చూశారా?"

విలియం చూశాడు. మూరెడు పొడవు, పాములా జారుడు ఒళ్ళు. దవడల్లేవు. గిన్నెలా గుండ్రటి నోరు, దాన్నిండా చిన్న చిన్న పళ్ళు. మెడకు రెండువైపులా ఏడేసి కన్నాలు. ఒకటి అప్పటికే సింకు గోడకు నోరు అంటించుకుని వేలాడుతోంది.

"ఈ దేశం బొమ్మిడాయిలు ఇలాగే ఉంటాయేమో," అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

పెరట్లో రేకుల కింద కూర్చుని, మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యిలో మిగిలిన బూడిదతో, అమ్మ చేసినట్టే వాటిని రుద్దడం మొదలుపెట్టాడు. రెండోదాన్ని పట్టుకోగానే అది అతని మణికట్టును పట్టుకుంది. నొప్పి పెద్దగా లేదు గాని, లాగితే చర్మం కూడా వచ్చేలా ఉంది.

కంచె అవతల నుంచి పక్కింటి జూడీ ఇది చూసింది. డెబ్బై ఏళ్ళావిడ, ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో పుట్టింది. గొడుగు వేసుకుని వచ్చి, చాలాకాలానికి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు ఆ చేపను చూసింది. దాని పేరు లాంప్రే అంది. ఒకప్పుడు తమ ఊరివాళ్ళు క్రిస్మస్‌కు దీన్ని పిండిపొరలో పెట్టి కాల్చి రాజుగారికి పంపేవారట. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందట ఒక రాజు, వైద్యుడు వద్దన్నా వినకుండా వీటిని తిని చచ్చిపోయాడని కూడా చెప్పుకుంటారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం వినిపించింది.

గుమ్మంలో నిలబడి విన్న కూతురు ఎవాకు పద్నాలుగేళ్ళు. చచ్చిపోయిన సంగతి ఒక్కటే ఆ పిల్ల మనసులో నిలిచింది. అప్పుడే ఫోను మోగింది. బ్లాక్‌టౌన్ నుంచి సీతాదేవి, వాన వల్ల రాలేమని చెప్పడానికి చేసింది.

"నాన్న ఉన్నారామ్మా?"

ఎవాకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడటం వేరు సంగతి. పెరట్లో ఉన్నాడని చెప్పబోయి, "నాన్న లేరు ఆంటీ," అంది.

"అయితే అమ్మకివ్వు."

ఎవా వంటింట్లోకి తొంగిచూసింది. ఉల్లిపాయల ఘాటుకు శాంతి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "మమ్మీ ఏడుస్తోంది ఆంటీ."

"ఏవైందే తల్లీ?"

"ఫిష్, ఆంటీ. వెరీ బ్యాడ్ ఫిష్. తింటే చచ్చిపోతారంట. డాడీని పట్టుకుంది, వదల్లేదు."

"నువ్వు అమ్మ దగ్గర కూచోమ్మా. మేం వస్తున్నాం."

ఎవా ఫోను సరిగ్గా పెట్టలేదు. ఆ తరవాత నిజమేమిటో కనుక్కుందామని ఎవరు చేసినా ఎంగేజే వచ్చింది. ఈలోగా శాంతి పెరట్లోకి వెళ్ళి కల్లుప్పు చల్లింది, చేప మణికట్టు వదిలింది. సీతాదేవి మాత్రం ఐదుగురికి ఫోన్ చేసింది. ఆ ఐదుగురూ ఊరుకోలేదు. మధ్యాహ్నానికి విలియంను కొన్ని ఇళ్ళలో చేప చంపింది, కొన్ని ఇళ్ళలో పాము కరిచింది. పాస్టరుగారు ప్రసంగం మార్చి రాసుకున్నారు.

మూడింటికి ఇంటి ముందు కార్లు ఆగడం మొదలైంది. శాంతి తలుపు తీసేసరికి గొడుగులు, నల్లబట్టలు, పులిహోర గిన్నెలు, ఒక పూలచక్రం. అరవైమందికి తక్కువ లేరు. సీతాదేవి ముందుకొచ్చి ఆమెను గట్టిగా కౌగిలించుకుని ఏడ్చింది. అత్తగారి కోసం ఇంతమంది వానలో వచ్చారని శాంతికీ ఏడుపొచ్చింది.

"ఎలా తట్టుకుంటున్నావే?"

"నలభై రోజులైంది కదా ఆంటీ. అలవాటైపోయింది."

సీతాదేవి చేతులు సడలాయి. "నలభై రోజులా? ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచారా?"

అంతలో వంటింట్లోంచి విలియం గరిటెతో బయటికొచ్చాడు. "ఆంటీ, ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చూస్తారా?"

సీతాదేవి ఉన్నచోటే కూలబడింది. కబురు విని, చేపలు తెచ్చింది తనే అని గంటనుంచీ కారులో కుమిలిపోతున్న కోటేశ్వరరావు పరుగున వచ్చి విలియం చెంప ఛెళ్ళుమనిపించి, తరవాత కౌగిలించుకున్నాడు.

సంగతంతా తేలడానికి అరగంట పట్టింది. కొందరికి కోపం వచ్చింది. సెలవు పెట్టి వచ్చామన్నారు ఒకరిద్దరు.

"వచ్చారు కదా, కూర్చోండి," అన్నాడు విలియం. "నా కోసం వచ్చారు. మా అమ్మ కోసం కూర్చోండి."

కుర్చీలు చాల్లేదు. చాలామంది గోడలకు ఆనుకుని నిలబడ్డారు. విలియం అమ్మ గురించి చెప్పబోయాడు. బూడిదతో చేపలు రుద్దే ఆవిడ చేతుల దగ్గర మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాడు. నలభై రోజులుగా రాని ఏడుపు అరవైమంది ముందు వచ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ కదలలేదు. వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పులుసు జోలికి ఎవరూ పోలేదు. జూడీ ఒక్కతే రెండుసార్లు వడ్డించుకుంది. అందరూ వెళ్ళాక విలియం ఒక ముక్క తిన్నాడు. మాంసంలా గట్టిగా ఉంది, బావుంది కూడా. కానీ అమ్మ పులుసు కాదు.

మర్నాడు సంఘపత్రికలో "ప్రభువునందు నిద్రించినవారు" అన్న చోట విలియం పేరు అచ్చయి ఉంది. శనివారం మధ్యాహ్నమే కాగితాలు అచ్చు తీసేశారట. ఆ వారం చర్చి గుమ్మంలో వాటిని పంచే వంతు విలియందే.