కుట్టని తేనెటీగలూ, నా కుడికాలూ

“వచ్చే ఏడాది ఈపాటికి ఈ దేశంలో మానని పుండు అంటూ ఒక్కటి ఉండదు” అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించినప్పుడు నా కుడికాలు సరిగ్గా ఆయన ఎదుట, బల్ల మీద ఉంది. అంత పెద్ద ప్రకటనను అంత దగ్గరనుంచి విన్న కాలు ఇంకొకటి ఉండదు. ఈ మాట నేను గర్వంగానే చెబుతున్నాను.

నేను దర్జీని. కాలితో తొక్కే మిషను నాది. కుడి అరికాలి మీద పుండు లేచి అప్పటికి ఎనిమిది నెలలు. షుగరున్న ఒంట్లో చేరిన పుండు అద్దెకు దిగినవాడిలా ఉండదు, సొంత ఇల్లు కట్టుకున్నవాడిలా ఉంటుంది. పెద్దాసుపత్రి సర్జన్‌గారు చూసి, “పాదం తీసేద్దాం” అన్నారు, చొక్కా చేతులు పొట్టి చేద్దాం అన్నంత తేలిగ్గా. పాదం పోతే మిషను తొక్కేదెవరు? మిషను ఆగితే పొయ్యి ఆగుతుంది. అందుకని మా పేటలో చిన్నాసుపత్రికి, కట్లు కట్టే గదిలో ఉండే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆ గది గోడలో కిటికీ పక్కన ఒక పగులు ఉండేది. ఆ పగుల్లో తేనెటీగలు. నువ్వుగింజకు రెక్కలొచ్చినట్టుంటాయి. ముల్లు లేదు, కుట్టవు. చెట్ల బంక తెచ్చి, మైనంతో కలిపి, గూటి వాకిలికి గొట్టంలా మెత్తుకుంటాయి. ఆ జిగురుని డాక్టరమ్మ నెలకో చెంచాడు మాత్రం గీకి, శుద్ధి చేసి, లేపనం తయారు చేసేది. పైనుంచి అనుమతి తెచ్చుకుని పన్నెండు మంది మీద పరీక్ష చేస్తోంది. నేను పన్నెండో వాణ్ణి.

“ఇది మందని నేనింకా అనట్లేదు. గాజు పళ్ళెంలో కొన్ని క్రిముల్ని ఆపింది, అంతే. మీ మాత్రలు మీరు మానకూడదు” అనేది ప్రతిసారీ.

వారానికోసారి పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి, అంచు గీసి, కొలిచేది. కొలత తీయకుండా మాట ఇవ్వని మనిషి అంటే ఏ దర్జీకైనా గౌరవమే. నాలుగు సెంటీమీటర్ల పుండు పది వారాల్లో ఒకటిన్నరకి దిగింది. మొదట్లో నమ్మని మా ఆవిడ కూడా మెత్తబడి, “జీవితమంతా కుట్టినవాడికి చివరికి కుట్టని ఈగలే దిక్కయ్యాయి” అని నవ్వింది. మా ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

అలాంటి శుభ సమయంలో మంత్రిగారు వచ్చారు. నిజానికి ఆయన పక్క వార్డు తనిఖీకి వచ్చారు. తలుపు తప్పి ఈ గదిలోకి అడుగుపెట్టారు. వెనకాల పత్రికలవాళ్ళు ఉండటంతో తప్పి వచ్చానని చెప్పడం బాగుండదని ఇక్కడే తనిఖీ మొదలుపెట్టారు. సమయస్ఫూర్తి అంటే అదీ.

“ఏమిటమ్మా ఇది?”

డాక్టరమ్మ చెప్పింది.

“కుట్టవా?”

“కుట్టవండి.”

“కుట్టకుండా, చప్పుడు చెయ్యకుండా, ప్రజల కోసం పనిచేస్తాయన్నమాట. అచ్చం మా ప్రభుత్వమే!”

పత్రికలవాళ్ళు రాసుకున్నారు. ఆయన వాళ్ళ కలాలు ఆగేదాకా ఆగి మళ్ళీ అడిగారు.

“ఎన్ని రోగాలకి పనికొస్తుంది?”

“ఒక రకం పుండు మీదే పరీక్ష జరుగుతోందండి. ఇంకో ఆర్నెల్లు పోతే గానీ...”

“ఆర్నెల్లకి ఎన్నికలమ్మా. ఆలోపల ఓ నాలుగు రోగాలు చూడు.”

ఆ వెంటనే నా కాలి మీద చెయ్యి వెయ్యబోయి, దాన్ని చూసి, చెయ్యి గాల్లోనే ఊపి, పైన చెప్పిన ప్రకటన చేశారు. మర్నాటికల్లా ‘కుట్టని తేనెటీగల ఔషధ మహాశక్తి మిషన్’ పుట్టింది.

మిషన్ డైరెక్టర్‌గా వచ్చినాయన సామాన్యుడు కాదు. అంతకుముందు వీధి దీపాల శాఖలో ఉండి, ఒక్క దీపం వెలిగించకుండా శాఖను మూడేళ్ళు నడిపిన సమర్థుడు. వచ్చీ రాగానే కుర్చీ వేయించారు, బోర్డు పెట్టించారు, లోగో గీయించారు. లోగోలో తేనెటీగకి బారెడు ముల్లు ఉంది.

“వీటికి ముల్లుండదండీ” అంది డాక్టరమ్మ.

“ముల్లు లేకపోతే తేనెటీగ అని జనానికి ఎలా తెలుస్తుందమ్మా?”

దీని మీద కమిటీ రెండు రోజులు కూర్చుంది. ముల్లు ఉంచి, దాని చివర చిరునవ్వు గీయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తర్వాత జిగురు కోసం కార్లు రావడం మొదలైంది. మంత్రిగారి పెద్దత్తగారి మోకాలికి కొంచెం, ఒక శాసనసభ్యుడి బట్టతలకి కొంచెం. మా పన్నెండు మంది లేపనం సీసాలు సన్నబడుతూ వచ్చాయి.

“ఉత్పత్తి ఎందుకు పెరగట్లేదు?” అని డైరెక్టర్‌గారు నిలదీశారు. “వాటికి టార్గెట్ ఇచ్చారా?”

“తొందరపెడితే గూడు వదిలి వెళ్ళిపోతాయండి.”

“సెలవు పెట్టకుండానా? మెమో ఇవ్వండి!”

ఆ మాటకు మేమందరం నవ్వాం. డైరెక్టర్‌గారు నవ్వలేదు. ఆయన అన్నది మెమో ఇవ్వమనే.

ప్రారంభోత్సవం తేదీ ఖాయమైంది. కట్లు కట్టే గదికి సున్నం వేయాలి, గోడకి శిలాఫలకం బిగించాలి, దాని మీద తెర కట్టాలి, ఆ తెరని మంత్రిగారు తాడు లాగి తొలగించాలి. తెర కుట్టే పని నాకు అప్పగించారు. “లబ్ధిదారుడి చేత కుట్టిస్తే పేపర్లో బాగుంటుంది” అన్నారు డైరెక్టర్‌గారు. డాక్టరమ్మ ఆ వారం ఊళ్ళో లేదు. మిషన్ సాధించబోయే విజయాల గురించి మాట్లాడమని ఆవిడని రాజధానికి పంపారు.

టేపు పట్టుకుని కొలతకి వెళ్ళాను. రాయి మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. తాపీ మేస్త్రీ గోడ మీద సుద్దతో గడి గీసి ఉంచాడు. ఆ గడికి నట్టనడుమ ఈగల వాకిలి ఉంది. ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి.

“మేస్త్రీ, ఇక్కడ ఈగలున్నాయి కదా?” అన్నాను.

అతను మడిచిన కాగితం విప్పి చూశాడు. “డ్రాయింగులో ఈగలు లేవే!”

“రాయి పక్కకి పెట్టరాదూ?”

“పక్కన పెడితే కెమెరాలో సగమే పడుద్దంట. నీ తెర సంగతి నువ్వు చూసుకో.”

నేను నా తెర సంగతి చూసుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ గోడ ముందు అడ్డంగా పడుకోవలసినవాణ్ణి నేను. కానీ ఎర్ర మఖమలు గుడ్డ, బంగారు రంగు అంచు, లాగేది సాక్షాత్తూ మంత్రిగారి చెయ్యి. ఆ గుడ్డ చేతికి తగిలేసరికి నాకు నా కాలే గుర్తులేదు. రెండు రోజులు బరువంతా ఎడమకాలి మీదే వేసి మిషను తొక్కి పూర్తి చేశాను. మేస్త్రీ సిమెంటు మెత్తి రాయి బిగించాడు. ఎంత బాగా బిగించాడంటే చుట్టూ సూది దూర్చే సందు లేదు.

ప్రారంభోత్సవం నాడు నా తెర ఎక్కడా చిక్కుపడకుండా జారింది. చప్పట్లు కొట్టారు. శిలాఫలకం మీద మంత్రిగారి పేరు జానెడు అక్షరాల్లో ఉంది. మిషన్ పేరు కింద ఎక్కడో ఉంది. పొద్దున మేతకు వెళ్ళిన ఈగలు అప్పుడే తిరిగొచ్చాయి. వాకిలి కనబడక రాయి మీద వాలి, మంత్రిగారి పేరులోని అక్షరాల గాడుల్లో తల దూర్చి, ఒక్కొక్క గాడీ వెతకసాగాయి.

“చూశారా! నా పేరు మీదే వాలుతున్నాయి!” అన్నారు మంత్రిగారు. “నోరు లేని జీవాలకి తెలిసిన కృతజ్ఞత ప్రతిపక్షాలకి లేదు.”

ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది.

నాలుగో రోజున డాక్టరమ్మ తిరిగొచ్చింది. సంచి కూడా దించకుండా రాయికి చెవి ఆనించింది. లోపల ఇంకా సన్నగా ఝుంకారం వినబడుతోందట. అలాగే పరుగున డైరెక్టర్‌గారి గదికి వెళ్ళింది. కుంటుకుంటూ నేనూ వెళ్ళాను.

“రాయి తీయించండి. ఈరోజే.”

“మంత్రిగారి పేరున్న రాయినా?”

“పూర్తిగా వద్దు, ఓ రెండడుగులు పక్కకి జరిపించండి చాలు.”

“జరిపితే అది కొత్త చోటవుతుందమ్మా. కొత్త చోటంటే మళ్ళీ ఆవిష్కరణ. ఆవిష్కరణకి మంత్రిగారి డేట్లు కావాలి. మూడు నెలలు పడుతుంది.”

“అవి మూడు వారాలు కూడా బతకవండీ!”

“అంత అర్జెంటని వాటి తరఫున ఎవరైనా అర్జీ పెట్టారా?”

ఆవిడ విసురుగా బయటికి నడిచింది. మధ్యాహ్నం ఎక్కణ్ణించో ఉలి, సుత్తి తెచ్చి, తనే మొదలుపెట్టింది. రాయి మూల చిటికెడు ముక్క లేచేసరికి కాపలావాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు సాయంత్రానికల్లా బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెళ్ళేముందు నా కాలికి తనే కట్టు కట్టింది. “మాత్రలు మానకండి” అంది. కళ్ళెత్తి చూడలేదు. చూస్తే నేనూ తట్టుకునేవాణ్ణి కాదు.

రోజూ వెళ్ళి రాయికి చెవి పెట్టేవాణ్ణి. పదో రోజున ఏమీ వినబడలేదు.

మిషన్ మాత్రం ఆగలేదు. కొత్త డబ్బాలు వచ్చాయి, మూత మీద చిరునవ్వు ముల్లు. లోపల ఏముందో తెలీదు గానీ మంచి వాసన వచ్చేది. ఈగలు ఎక్కడని ఎవరూ అడగలేదు. మిగతా పదకొండు మంది రోగులూ ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. రావడం మానినవాళ్ళందరినీ డైరెక్టర్‌గారు ‘నయం’ అనే గడిలో రాసుకున్నారు. నొప్పి ఉంటే రాకుండా ఉంటారా అని ఆయన ప్రశ్న. మిగిలింది నేనొక్కణ్ణే. నా పుండు ఒకటిన్నర నుంచి మూడుకీ, మూడు నుంచి ఆరుకీ పెరిగింది. నేను రోజూ వెళ్తున్నాను.

ఒకరోజు డైరెక్టర్‌గారే స్వయంగా మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి, బతిమాలారు.

“మీ ఒక్కరి వల్ల మిషన్ తొంభై ఒకటి పాయింట్ ఆరు దగ్గర ఆగిపోయిందండీ. మీరు రావడం మానేస్తే దేశం నూరు దాటుతుంది.”

“అలాగే మానేస్తాం” అంది మా ఆవిడ. “మిషను తొక్కడానికి మీ కాలు ఇచ్చి వెళ్ళండి.”

ఆయన ఆ మాటను కూడా నోటుపుస్తకంలో రాసుకుని, పరిశీలిస్తామని చెప్పి వెళ్ళారు.

ఆ వారమే జ్వరం వచ్చింది. కాలు పిక్కదాకా నల్లబడింది. మా ఆవిడ ఏడుస్తూ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. సర్జన్‌గారు ఈసారి ‘తీసేద్దాం’ అని కూడా అనలేదు, సంతకం పెట్టమన్నారు. మెలకువ వచ్చేసరికి దుప్పటి కింద ఒక కాలు వేళ్ళదాకా ఉంది, ఇంకొకటి మోకాలి దగ్గరే ఆగిపోయింది. ముందు నాకు మిషను గుర్తొచ్చింది. తర్వాత మా ఆవిడ మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

మూడో రోజున డైరెక్టర్‌గారు పూలగుత్తితో, ఫొటోగ్రాఫరుతో వచ్చారు. పూలు మా ఆవిడ చేతికిచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎంతో మర్యాదగా పలకరించారు.

“ఒక్కటే ప్రశ్నండి. ఆ కుడి అరికాలి మీది పుండు ఇప్పుడు ఉందా?”

“లేదండి” అన్నాను. ఇంకేమంటాను?

“బాధ?”

“అరికాలిలో లేదండి.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోటుపుస్తకంలో రాసుకుని, లేచి, వార్డంతా వినబడేలా ఫోన్‌లో, “మంత్రిగారూ! పన్నెండుకి పన్నెండు!” అన్నారు.

“ఫొటోలో కాలు కనబడాలి కదా సార్?” అని ఫొటోగ్రాఫరు గొణిగాడు.

డైరెక్టర్‌గారు ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత దుప్పటి అంచు పట్టుకుని, నా ఎడమకాలు బయటికి తీసి, దిండు మీద పెట్టి, అరికాలు కెమెరా వైపు తిప్పారు.

“మచ్చ కూడా మిగల్లేదు, చూడండి” అన్నారు.