నిండునీడ కొలువు

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద సామ్రాజ్యం ఉండేది. అడవి ఎంత పెద్దదైనా చల్లటి నీడ మాత్రం ఒక్కచోటే ఉండేది. అందుకని ఆ సామ్రాజ్యంలో హోదాలన్నీ నీడతోనే కొలిచేవారు.

మీకిది వింతగా ఉందేమో. మన ఆఫీసుల్లో కుర్చీ మీద తువ్వాలు ఎవరికుంది, గదికి పరదా ఎవరికుంది అని చూసుకోమూ? అదీ అంతే.

అడవి నడిమధ్యన ఒక మద్దిమాను. దాని కిందే కచేరీ. కొత్తగా కొలువులో చేరిన జంతువు ఎండలో కూర్చోవాలి. అది ఎండకొలువు. అక్కడ కొన్నేళ్లు మాడాక, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడే చోటికి జరగొచ్చు. అది అరనీడ కొలువు. ఇక చెట్టు మొదట్లో, ఎండపొడ తగలని చోట, నున్నటి రాతిపలక ఒకటుంది. దానిమీద కూర్చునేవాడే దివాను. అది నిండునీడ కొలువు. ఆ పైన ఇక చక్రవర్తే. ఆయన సింహం కాబట్టి ఆయనకు కొలువుతో పనిలేదు.

భూషణం అనే నక్క అరనీడలో చాలాకాలంగా ఉన్నాడు. ఆయన బతుకులో కోరిక ఒక్కటే, ఆ రాతిపలక. ముసలి ఎలుగుబంటి దివానుగా దానిమీద కూర్చుని కునుకు తీస్తుంటే భూషణం రోజూ ఆ పలకవంక చూసి గుటకలు మింగేవాడు. కలలో కూడా ఆయనకు చల్లగా తగిలేది ఆ రాయే.

ఇంటికి వెళితే భార్య సుభద్ర ఊరుకునేది కాదు.

"మా అక్క మొగుడు పక్కడవిలో నిండునీడకెక్కి ఎన్నాళ్లయిందో. మీరింకా మచ్చమచ్చలుగా మాడి చిరుతపులి మేనల్లుడిలా ఇంటికొస్తున్నారు. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నా," అనేది.

"వస్తుందిలేవే, నా వంతు వస్తుంది," అనేవాడు భూషణం. అనేవాడే గానీ లోపల బెంగగానే ఉండేది. ఎందుకంటే కచేరీలో అందరూ తర్వాతి దివాను వరాలే అని బాహాటంగా చెప్పుకుంటున్నారు.

వరాలు అడవిపంది. మద్దిమాను వేళ్ల దగ్గర ఒక ఊట ఉంది. చెట్టు బతికేది ఆ నీటితోనే, అడవి తాగేదీ ఆ నీరే. ఏటా వేసవికి ముందు అది పూడిపోతే, వరాలు ముట్టెతో బురదంతా తవ్వి తీసేది. మొరటు మనిషి. తవ్వేటప్పుడు పక్కన ఎవరున్నారో చూసుకోదు. ఒకటి తవ్వబోయి ఒకటి తవ్వుతుంది, మళ్లీ పూడుస్తుంది, మళ్లీ తవ్వుతుంది. చివరికి నీళ్లొస్తాయి.

పంది మనిషేమిటంటారా? నా కథలో అంతే.

ఒక ఏడు ఆమె అలా తవ్వుతుండగా చక్రవర్తి అటుగా వచ్చాడు. పెద్ద బురదముద్ద లేచి తిన్నగా ఆయన జూలుమీద పడింది. 

భూషణానికి ఆ బురదముద్దలో రాతిపలక కనిపించింది. తోకతో జూలు తుడుస్తూ మెల్లగా అన్నాడు:

"ప్రభూ, ఇన్నేళ్లలో నావల్ల తమ మీద ఇంత మరకైనా పడిందా?"

"లేదు," అన్నాడు చక్రవర్తి, కాస్త ఆలోచించి. "అసలు నీవల్ల ఏదైనా జరిగినట్టే గుర్తులేదు."

"అదీ నా సేవ. ప్రభువులు ఒక్క కట్టడి చేస్తే చాలు. కొలువులో తప్పు చేసినవాళ్లని బోడిగుట్టకు పంపేద్దాం. మచ్చలేనివాళ్లలో ఎవరు పెద్దయితే వాళ్లకు నిండునీడ. సామ్రాజ్యంలో ఇక తప్పన్నదే ఉండదు."

చక్రవర్తికి భోజనమైన వేళ. "బాగానే ఉంది. ఆ తప్పులేవో నువ్వే చూసుకో," అని వెళ్లి పడుకున్నాడు.

బోడిగుట్ట అంటే అడవి అంచున ఉన్న రాళ్లదిబ్బ. చెట్టు లేదు, పొద లేదు, గడ్డిపోచ లేదు. నీడతో హోదా కొలిచే రాజ్యంలో బోడిగుట్ట బదిలీ అంటే బతికుండగానే కర్మకాండ చేసినట్టు.

వరాలుకి కబురు చెబితే ఆమె ఒక్కటే అడిగింది. "అక్కడ నీళ్లున్నాయా?"

"లేవు," అన్నాడు భూషణం, సంతోషం దాచుకుంటూ.

"అయితే తవ్వుకోవాలన్నమాట," అని బురదకాళ్లతోనే వెళ్లిపోయింది.

ఇక భూషణం పని సుఖంగా సాగింది. చెట్టు చివర కూర్చుని కార్చిచ్చు కనిపెట్టే కోతి ఒకరోజు మంచును పొగనుకుని కేకపెట్టాడు. బోడిగుట్ట. తగవులు తీర్చే కుందేలు ఒక తీర్పు తిరగరాసుకున్నాడు. బోడిగుట్ట. పని చేసేవాడి చేత ఎప్పుడో ఒకప్పుడు తప్పు జరగక మానదు. భూషణం చేయాల్సిందల్లా పక్కనే ఓపిగ్గా కూర్చోవడమే.

చివరికి కచేరీలో మిగిలింది ముసలి ఎలుగు, భూషణం, శాంతమూర్తి అనే కొంగ. ఈ శాంతమూర్తి కొలువులో చేరిననాటినుంచీ ఒంటికాలిమీద కళ్లు మూసుకుని నిలబడే ఉన్నాడు. ఆయన తప్పటడుగు వేయాలంటే ముందు ఆ రెండో కాలు కింద పెట్టాలి. అది ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"మనం ముగ్గురమే మిగిలాం. ఎంత మచ్చలేని కచేరీ అయిపోయిందో చూశారా?" అని భూషణం మురిసిపోయేవాడు.

కొన్ని వేసవులు గడిచాయి. ఊట పూడుతూ పూడుతూ ఒకనాటికి పూర్తిగా పూడిపోయింది. చెట్టునుంచి ముందు పండుటాకులు రాలాయి, ఆ తర్వాత పచ్చటివీ రాలడం మొదలుపెట్టాయి. భూషణం చూశాడు. చూసి, ఆకులు రాలడం తన తప్పు కాదని నిశ్చయం చేసుకుని నిశ్చింతగా ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం చక్రవర్తి నాలుక వేలాడేసుకుని వచ్చాడు. "నీళ్లేవి?"

"పరిశీలనలో ఉందండి," అన్నాడు కొంగ, కళ్లు తెరవకుండానే.

"ఊట తీసేవాళ్లెవరూ లేరా?"

"అలాంటి తప్పులు చేసేవాళ్లని ఎప్పుడో సాగనంపాం ప్రభూ," అన్నాడు భూషణం గర్వంగా.

 అప్పుడే ఏనుగులు కొన్ని అటుగా పోతున్నాయి. తొండాలు తడిగా ఉన్నాయి, కాళ్లనిండా కొత్త బురద.

"ఎక్కణ్నించి?" అన్నాడు చక్రవర్తి.

"బోడిగుట్టనుంచండీ. పొద్దున్నే వెళ్లి తాగొస్తున్నాం. ఇప్పుడు మూటాముల్లె సర్దుకుని మళ్లీ అటే," అంది ముందున్న ఏనుగు.

చక్రవర్తి లేచాడు. ఏనుగుల వెనకే నడిచాడు. ఆయన వెనక ముసలి ఎలుగు, రాతిపలకవంక తిరిగైనా చూడకుండా. ఆ సాయంత్రానికి అడవి అడవంతా కదిలిపోయింది. సుభద్ర కూడా పిల్లల్ని తీసుకుని, "దాహంగా ఉంది, నేను ముందు వెళతా, మీరు మీ కొలువు చూసుకుని రండి," అని వెళ్లిపోయింది.

భూషణం తెలివితక్కువవాడేం కాదు. గాలి ఎటు తిరిగిందో ఇట్టే పసిగట్టాడు. ఇక హోదా అంతా బోడిగుట్టలోనే. తనూ అక్కడికి చేరాలి. ఉత్తినే పోతే పరువేముంటుంది? దర్జాగా బదిలీమీద పోవాలి. బదిలీ కావాలంటే తప్పు చెయ్యాలి.

జన్మలో మొదటిసారి ఆయన పనికి దిగాడు. ఊట తీద్దామని ఒకచోట గోళ్లతో గీకాడు. ఊట ఎక్కడుందో ఎన్నడూ పట్టించుకున్న పాపాన పోలేదు కదా, మద్దిమాను వేరొకటి పుటుక్కున తెగింది. ఉత్సాహంగా కొంగ దగ్గరికి పరిగెత్తాడు.

"చూశావా శాంతమూర్తీ, వేరు తెంపేశాను. ఘోరమైన తప్పు. నా తప్పు నేనే తేల్చుకుంటే బాగుండదు, నువ్వే తేల్చి నన్ను బోడిగుట్టకు పంపెయ్."

"తమరు ఏం చేస్తుండగా తెగిందండీ?"

"ఊట తీస్తుండగా."

"ఊట అక్కడ లేదు కదండీ."

"అదేనయ్యా తప్పు."

కొంగ మెడను తాపీగా ఇటునుంచి అటు తిప్పాడు. "ఊట లేనిచోట ఊట తీయడాన్ని పని అనలేమండీ. పనే కానప్పుడు అందులో తప్పెలా దొరుకుతుంది? తప్పని నేను తేలిస్తే, తేల్చడం నా తప్పవుతుంది. నన్ను ఇరికించకండి."

భూషణం చెట్టెక్కబోయాడు, జారాడు. కిందనుంచే "కార్చిచ్చు, కార్చిచ్చు" అని ఊళపెట్టాడు.

"వినేవాళ్లు లేనప్పుడు అది తప్పుడు కేకెలా అవుతుందండీ?" అన్నాడు కొంగ. "అన్నట్టు, దివానుగారి చోటు ఖాళీ పడింది. మచ్చలేనివాళ్లలో పెద్దవారు తమరే. నిండునీడ కొలువు తమదేనండీ. శుభం."

ఎన్నేళ్లుగానో వినాలనుకున్న మాట. భూషణానికి వినగానే కళ్లు చెమర్చాయి. అది సంతోషమో ఏడుపో ఆయనకే తెలియలేదు.

అయినా ఉండబట్టలేక, మర్నాడు చడీచప్పుడు లేకుండా బోడిగుట్టకు వెళ్లాడు.

అక్కడ ఎక్కడ చూసినా గుంటలే. కొన్నిటిలో నీళ్లు, చాలావాటిలో ఏమీ లేదు. గట్లమీద మోకాలెత్తు మొక్కలు. చక్రవర్తి నడినెత్తిమీద ఎండ పడుతున్నా కాళ్లు నీళ్లలో పెట్టి నిద్రపోతున్నాడు. కోతి, కుందేలు మట్టి మోస్తున్నారు. ముసలి ఎలుగు కూడా ఒక రాయి దొర్లిస్తోంది.

వరాలు బురదలోంచి తలెత్తింది. "భూషణంగారా? రండి రండి. ముందు నీళ్లు తాగండి."

తాగాడు. అంత తియ్యటి నీళ్లు ఆయన ఎన్నడూ తాగలేదు. వరాలు ముఖంలో దెప్పిపొడుపు కోసం వెతికాడు, కనబడలేదు. అదే ఆయనకు మరీ కష్టంగా తోచింది.

"ఇన్ని ఉత్తగుంటలేమిటి?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"అవన్నీ నేను తప్పు తవ్వినవండీ. అక్కడ లేదని తెలిశాకేగా ఇక్కడ తవ్వింది."

"మరి ఇక్కడ నిండునీడ ఎక్కడ?"

"నీడా? చెట్లింకా ఎదగాలి కదండీ. అందరం ఎండలోనే."

"మరి ఎవరు పెద్దో, ఎవరు చిన్నో ఎలా తెలుస్తుంది?"

వరాలు నిజంగానే ఆలోచించింది. "తెలీదండీ. ఇంతవరకూ ఎవరూ అడగలా."

"అయితే నా హోదా ఏమిటిక్కడ?" అన్నాడు భూషణం.

"ఆ మూల కాలవ పూడింది. కాస్త మట్టి తీస్తూ ఉండండి, మధ్యాహ్నం తీరిగ్గా మాట్లాడుకుందాం."

భూషణం కాలవ దగ్గరికి నడిచాడు. ముందుకాలు బురదమీదికి చాపాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పెడతాడనే అనుకున్నా నేను. ఆయన మాత్రం తన కాలు చూసుకున్నాడు. ఇన్నేళ్లూ మరక తగలకుండా కాపాడుకున్న కాలు. మట్టి తీస్తే, తను ఇక్కడికి తరిమేసిన వాళ్లలో తనూ ఒకడవుతాడు. తీయకపోతే దివాను. కాలు వెనక్కి తీసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మద్దిమాను కింద రాతిపలక ఆయనకోసమే ఎదురుచూస్తోంది. భూషణం తోక దులుపుకుని, మర్యాదగా ఎక్కి కూర్చున్నాడు. కూర్చోగానే కెవ్వుమని లేచాడు. రాయి పెనంలా కాలుతోంది. తల ఎత్తి చూస్తే కొమ్మలున్నాయి, ఆకాశం ఉంది, మధ్యలో ఒక్క ఆకు లేదు.

ఇప్పుడు ఆ చెట్టుకు మిగిలిన నీడ మానుదే, ఒక నక్క పట్టేంత. అది పొద్దుతోబాటు తిరుగుతుంది. దివానుగారు దానితోబాటు చెట్టుచుట్టూ జరుగుతుంటారు. ఆయన వెనక, పదవిలో ఒకమెట్టు తక్కువ కాబట్టి ఎండలో, శాంతమూర్తి ఒంటికాలితో గెంతుతుంటాడు. దీన్ని దివానుగారి పర్యటన అంటారు.

బోడిగుట్టలో సుభద్ర నీళ్లలో కాళ్లాడిస్తూ, పక్కడవినుంచి చూడ్డానికొచ్చిన అక్కతో చెప్పుకుంటోంది. "మా ఆయన దివాను అయ్యారు తెలుసా?"

"మరి ఇక్కడికి రాలేదేం?"

"తీరికెక్కడిదే. నిండునీడ కొలువాయె," అని సుభద్ర ఇంకో దోసెడు నీళ్లు తాగింది.

నీతి: ఏ పనీ చెయ్యకుండా మచ్చలేకుండా ఉండండి, తప్పకుండా చెట్టుకిందికి చేరతారు, ఆకుల సంగతి మాత్రం నన్నడగొద్దు.