టోపీ లేని దొరకు మైకుసెట్టు

పెళ్లాం మాట్లాడటం మానేస్తే కొందరు మగవాళ్లు దేవుడికి మొక్కుకుంటారు, కొందరు అత్తగారికి కబురు పెడతారు. హాతీరాం జీపు బానెట్టు ఎత్తి చూశాడు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. టేకులపల్లి మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా కుదురుకున్నాక హాతీరాం ఆ జీపును వేలంలో కొన్నాడు. దానికి పైన టాపు లేదు. ఒకప్పుడు ఉండేదనడానికి సాక్ష్యంగా నాలుగు ఇనప కమ్ములు మాత్రం నిలబడి ఉండేవి. తండాలో అందరూ దాన్ని 'టోపీ లేని దొర' అనేవారు. లోపల స్టీరింగు పక్కన కంపెనీవాళ్లే బిగించి పంపిన రేడియో ఒకటి ఉండేది. దానికి ఇడ్లీ అంత స్పీకరు. బండి ఆగి ఉన్నప్పుడు అది గొణిగేది. కదిలాక ఆ గొణుగుడు కూడా గాలిపాలయ్యేది.

అయినా ఇన్నాళ్లూ ఆ లోటు తెలియలేదు. పక్క సీట్లో అతని భార్య హేమ్లి ఉండేది. జీపు కదలగానే మొదలుపెట్టి దిగేదాకా మాట్లాడేది. ఇంటి నిండా మనుషులు, ఆఫీసు నిండా అర్జీలు. మొగుడూ పెళ్లాలకు కాస్త ఏకాంతం దొరికేది ఆ టాపు లేని బండిలోనే. గాలి హోరులో అతనికి ఏదో ఒక మాట చెవిన పడేది. మిగతా అన్నింటికీ "అవ్" అనేవాడు. అవునని చెప్పడానికి అంతకంటే పొట్టి మాట లేదు. ఎక్కడ పెట్టినా ఇమిడిపోతుంది.

దీపావళి వెళ్లాక హేమ్లి జీపులో నోరు విప్పడం మానేసింది. ఇంట్లో ఉప్పూ కిరసనాయిలూ అంటూ మామూలుగానే ఉండేది. జీపు ఎక్కితే మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు కేసి చూస్తూ కూర్చునేది.

మనిషికి తన మీద తనకు కలిగే అనుమానం సూటిగా తన మీదికి రాదు. దగ్గర్లో ఉన్న ఏదో ఒక వస్తువు మీద వాలుతుంది. హాతీరాం అనుమానం వెళ్లి రేడియో మీద వాలింది.

"హేమ్లీ, బండిల నీకు పొద్దుపోతలేదు గదా?"

"ఎందుకు పోతలేదు? నువ్వు తోలుతున్నవ్, బండి పోతున్నది, పొద్దు గూడ మనెంబడే పోతున్నది."

"రేడియో మారుస్త. పెద్దది పెట్టిస్త."

"పెట్టియ్యి."

"పాటలు మోగితె నీకు ఖుషీగుంటది."

"నాకా, బండికా?"

ఆమె చాటలోని బియ్యం చెరగడం ఆపి చెప్పింది. "ఆదివారం మా అన్న తండాకు పోదాం. నన్నాడ దింపు. ఎండాకాలం దాక ఉంట."

ఆమె అన్న దేవ్‌సింగ్ ఉండేది చర్ల అవతల.

"ఎందుకు?"

"ఊకె."

"ఊకెనే గన్ని నెలలా?"

"ఈడ గూడ ఊకెనే ఉన్న గదా."

'ఊకె' అన్న మాటకు ఏం జవాబు రాయాలో అతను చూసిన ఏ ఫైల్లోనూ లేదు.

ఆదివారం దాకా గడువుంది. చర్ల దాకా బోలెడంత దారి ఉంది. దారి పొడవునా పాటలు మోగాలి. ఆమె ఒక్కసారి నవ్వాలి. నవ్విన మనిషి ఎండాకాలం దాకా ఉండిపోదు. ఇదీ హాతీరాం పథకం. అతను నేరుగా యెల్లందు వెళ్లి సౌండు కిషన్‌లాల్ కొట్టు ముందు జీపు ఆపాడు.

కిషన్‌లాల్ పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్లు కిరాయికిస్తాడు. జీవితమంతా లౌడుస్పీకర్ల పక్కనే గడపడం వల్ల ఎడమ చెవి పనిచేయదు. కుడి చెవికి కూడా ఈ మధ్య వ్యాపారం మీద శ్రద్ధ తగ్గింది.

"ఆవిడకు వినపడాలె," అన్నాడు హాతీరాం.

"అవిటోళ్లకు గూడ వినపడుతది," అన్నాడు కిషన్‌లాల్, ఆ మాట సగమే విని, రేడియోను పీకేస్తూ.

దాని స్థానంలో టేపురికార్డరు పెట్టాడు. వెనక సీటు కింద రెండు పెట్టె స్పీకర్లు బిగించాడు. ఆగిన బండిలో పాట బ్రహ్మాండంగా మోగింది. రోడ్డెక్కాక మాత్రం మోత అంతా వెనక్కి ఎగిరిపోయింది. వెనక సైకిళ్ల మీద వచ్చేవాళ్లు పాట విన్నారు. జీపులో కూర్చున్నవాళ్లు గాలి విన్నారు.

"గిట్ల కాదు సారూ," అన్నాడు కిషన్‌లాల్. లోపలికి పోయి కిందటి ఎన్నికల్లో అరిచి అరిచి వచ్చిన రెండు మైకులు తెచ్చి జీపు ముందు కమ్మికి కట్టాడు. గంగాళాలంత ఉన్నాయి. రెండూ ముందుకే చూస్తున్నాయి.

"ముందుకు పెడితె వెనకున్న మాకెట్ల వినపడుతదయ్యా?"

"పాట ముందుకు ఉరుకుతది. బండి దాని ఎంబడి ఉరికి అందుకుంటది."

విజ్ఞానశాస్త్రం తన పట్ల ఇంత దయగా మాట్లాడటం హాతీరాం ఎప్పుడూ వినలేదు. సరేనన్నాడు. మైకులకు తగిలించిన ఆంప్లిఫయరుకు ఒక బొక్క ఖాళీగా ఉందని, ఖాళీగా ఉంచకూడదని, కిషన్‌లాల్ మాట్లాడే గొట్టం కూడా ఒకటి తగిలించి పంపాడు.

ఆదివారం హేమ్లి బట్టలమూట తెచ్చి వెనక సీట్లో పెట్టింది. ముందున్న రెండు గంగాళాల వంక చూసింది. ఎక్కి కూర్చుంది.

పాట మొదలైంది. కొత్తగూడెం దాటేసరికి రెండు మేకల మందలు చెదిరిపోయాయి. భద్రాచలంలో గోదావరి వంతెన దిగగానే యాత్రికులు జీపును చుట్టుముట్టి దర్శనం ఎన్ని గంటలకని అడిగారు. తెలియదంటే, తెలియనివాడికి మైకు ఎందుకిచ్చారని కోప్పడ్డారు. పాట నిజంగానే ముందుకు ఉరుకుతోంది. బండి మాత్రం దాన్ని ఎక్కడా అందుకోలేదు. హాతీరాం రోడ్డును ఒక కంటితో, హేమ్లి పెదవులను ఒక కంటితో చూస్తూ తోలాడు. ఆ పెదవుల్లో కదలిక లేదు.

చర్ల దారిలో అడవి చిక్కబడుతున్న చోట రేడియేటరు పొగలు కక్కింది. ఒక చిన్న గూడెంలో బోరింగు కనిపిస్తే జీపు ఆపి, పాట కట్టేసి నీళ్లకు దిగాడు. బకెట్టుతో తిరిగి వచ్చేసరికి జీపు చుట్టూ జనం. తల్లులు చంటిపిల్లలను ఎత్తుకుని వరసలో నిలబడి ఉన్నారు.

చంకలో మనవడితో ముందున్న భీమక్క అడిగింది. "సూది ఇప్పుడేస్తరా, బువ్వ తిన్నంక ఏస్తరా?"

"సూది లేదమ్మా."

"మరి ఓటా?"

"ఓటు గూడ లేదు."

గూడెం పెద్ద బొజ్జయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు. "సూది లేదు, ఓటు లేదు. మరి మైకెందుకు తెచ్చినవ్ సారూ?"

"పాటలకు. మా ఇంటామె కోసం."

బొజ్జయ్య రెండు మైకులనూ తేరిపార చూశాడు. తర్వాత హేమ్లిని చూశాడు. "గింత దగ్గర కూసున్నామెకు గింత పెద్ద మైకా?"



ఆ ఊరికి మైకు కట్టిన జీపు వచ్చి ఏమీ చెప్పకుండా పోయింది ఎన్నడూ లేదు. అందరూ నేల మీద కూర్చున్నారు. చెప్పేదాకా తోవ ఇచ్చేలా లేరు. హాతీరాం గొట్టం పట్టుకున్నాడు.

"హలో... హలో... అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నం. ఇంక చెప్పు," అన్నాడు బొజ్జయ్య.

"వానలు పడ్డయా?"

"పడ్డయ్. ఇంక చెప్పు."

ఇంకేం లేదు. హాతీరాం చేతిలో కాగితం లేకుండా మాట్లాడటం తెలియని మనిషి. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది.

"ఇటియ్యి," అంది హేమ్లి.

ఆమె గొంతు సవరించుకుంది. ఆ సవరింపు కొండ దాకా పోయింది.

"అక్కలారా, అన్నలారా. గీయన నా మొగడు. చెవులు మంచిగనే ఉన్నయి, లగ్గానికి ముందే మావోళ్లు చూసిండ్రు." ఆడవాళ్లు నవ్వారు. "దీపావళి నాడు మేమిద్దరం గీ బండిలనే పోతున్నం. మా బిడ్డ మోతీ హాస్టలుకు పోయింది. ఇల్లంత ఖాళీ అయినట్టున్నది, మనసు గూడ గట్లనే ఉన్నది. గీయన్ని అడిగిన. ఓ మోతీ బాపూ, నన్ను చూసి చూసి నీకు మొఖం మొత్తిందా అని. ఏమన్నడో ఎరుకేనా?"

గూడెమంతా ముందుకు వంగింది.

"అవ్ అన్నడు."

భీమక్క మనవణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"గేరు మార్చుకుంట అన్నడు. నా దిక్కు గూడ చూడలె."

హాతీరాంకు అది ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఏ మలుపులో అడిగిందో, అప్పుడు తను దేన్ని చూస్తున్నాడో, ఏదీ తెలియలేదు. గాలి తన నుంచి ఆమె మాటలను ఎత్తుకుపోతోందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. కొన్ని మాటలు అలా పోతుంటే తనకు కాస్త సుఖంగానే ఉండేదేమోనని ఇప్పుడు తోచింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అన్నవా సారూ?" బొజ్జయ్య గొట్టాన్ని అతని నోటి ముందుకు తోశాడు.

"అన్న," అన్నాడు హాతీరాం. భయం మనిషిచేత ఏమైనా అనిపిస్తుంది. "గని అది తెలుగు అవ్ కాదు."

"మరి?"

"మా లంబాడీ మాట. మా మాటల ఆవ్ అంటె... రా అని."

రెండు మైకులూ ఆ సంజాయిషీని పోడు చేల మీదుగా కొండ దాకా మోసుకుపోయి, రా అని, రా అని అంటూ తిరిగి తెచ్చాయి.

హేమ్లి అతని వైపు తిరిగింది. "నేను పక్కనే గదా కూసున్న. ఎక్కడికి రమ్మన్నవ్?"

హాతీరాం మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "ఇంకొంచెం ఇటు."

గూడెం ఒక్కసారిగా విరగబడి నవ్వింది. భీమక్క తొడ చరుచుకుంది. బొజ్జయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "అబద్ధమే గని మంచిగ చెప్పిండు," అని తీర్పు ఇచ్చాడు. హేమ్లి ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని హాతీరాం కంగారుపడ్డాడు. ఏడవడం లేదు.

"నాకోసం కష్టపడి చెప్పిన అబద్ధం గిదొక్కటే," అంది, గొట్టం ఇంకా దగ్గరే ఉందని మరచిపోయి. కొండ ఆ మాటనూ తిరిగి చెప్పింది.

"వినపడలేదు హేమ్లీ," అన్నాడు అతను. "ఎన్నడు సక్కగ వినపడలేదు. వినపడ్డట్టు అన్న."

"ఎరుకే. గాలితోని మాట్లాడుడైతె ఇంట్ల కూసోని గూడ మాట్లాడొచ్చని ఆపేసిన." అతని వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. మొఖం మొత్తిందా?"

"లేదు."

"గిది తెలుగేనా?"

"తెలుగే."

భీమక్క లేచి నిలబడింది. సూది వేయకపోయినా ఊళ్లోకి వచ్చిన మైకు పనికొచ్చే మాటే చెప్పిందని అందరికీ అనిపించింది. జనం పక్కకు జరిగి తోవ ఇచ్చారు.

హాతీరాం మైకు తీగలు పీకేసి జీపు కదిలించాడు. ఈసారి రెండో గేరు దాటలేదు. అంత నిదానంగా పోతే గాలి కూడా పక్కన నడిచే మనిషిలా ఊరుకుంది. హేమ్లి నోరు తెరిచింది. ప్రతి మాటా వినపడింది.

"నువ్వు అవ్ అన్నయన్ని నాకు యాదికున్నయి," అంది.

"అన్నంటే?"

"మా అన్న కాడున్న అమ్మ వచ్చి మనింట్ల ఉంటదన్న. అవ్ అన్నవ్."

"ఎప్పుడు?"

"మా అన్న బిడ్డ లగ్గానికి బండి మనదే అన్న. పిల్లగాని ఊరుదాక నువ్వే తోలుతవన్న. అవ్ అన్నవ్. మా అన్నకు మాట గూడ ఇచ్చేసిన."

"అవి... గవి లంబాడీ ఆవ్‌లేమో."

"గవన్ని తెలుగే. నేను చూసుకున్న."

అడగడానికి భయపడుతూనే అతను అడిగాడు. "మరి ఎండాకాలం దాక ఆడనే ఉంటవా?"

"ఉంటె మా అమ్మకు నీ ఇంట్ల ఎవలు వండుతరు? రేపే బయలెల్లుదం. ఆమె వెనక సీట్ల కూసుంటది. ఆమె గూడ మస్తు మాట్లాడుతది."

హాతీరాం కాలు తనకు తెలియకుండానే యాక్సిలరేటరు మీదికి పోయింది. గాలి మళ్లీ చెవుల్లోకి దూరబోయింది.

"మెల్లగ," అంది హేమ్లి, అతని మోకాలి మీద చెయ్యి వేసి. "ఇంకా ఉన్నయి."

చెయ్యి తీయలేదు. అతను కాలు తీశాడు. వెనక నుంచి ఒక ఎడ్లబండి గంటలు మోగించుకుంటూ వచ్చి జీపును దాటింది. బండివాడు జాలిగా వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఖరాబైందా సారూ? కట్టి గుంజాల్నా?"

"లేదన్నా," అన్నాడు హాతీరాం. "వింటున్న."