లాలాగూడ చదివిన రిపోర్టు

వెబ్‌సైట్లు అందరికీ పనికొచ్చేలా ఉండాలని ఈ మధ్య కొందరు పట్టుబడుతున్నారు. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా వాడుకునేలా డిజైన్ చేయాలట! ఈ ప్రమాదాన్ని మొగ్గలోనే తుంచేయాలని ఈ వ్యాసకర్త మనవి.

ఎందుకంటారా? మీరే ఆలోచించండి. ఎవరి పని వాళ్లే చేసుకుంటూ పోతే ఇక పక్కింటి తలుపు తట్టేదెవరు? బజారులో నలుగురిని పలకరించేదెవరు? మన ఇరుగుపొరుగు ప్రేమలు ఈ పాటికే కొడిగట్టాల్సింది. ఇంకా వెలుగుతున్నాయంటే అది ఎవరి చలవ? లేబుల్ లేని బటన్లు పెట్టిన మహానుభావులది కాదూ?

నమ్మకం కుదరకపోతే సికింద్రాబాద్ లాలాగూడ జకర్యా సంగతి వినండి.

జకర్యాకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు. రైల్వే ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. చర్చి క్వయర్‌లో అందరికంటే కింది గొంతు ఆయనదే. ఆయన ఫోనులో ఒక ఆడగొంతు ఉంటుంది. తెర మీద అక్షరాలు ఎన్ని ఉన్నా గడగడా చదివి పారేస్తుంది. ఆ వేగం జకర్యా చెవికి తప్ప ఇంకెవరికీ అందదు. పొద్దస్తమానం చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆయన భార్య రోసమ్మ దానికి ‘సవతి’ అని పేరు పెట్టింది.

సవతి మంచిదే. అక్షరం కనిపిస్తే చాలు, చదువుతుంది. బొమ్మ కనిపిస్తే మాత్రం ‘ఇమేజ్’ అని ఊరుకుంటుంది. పేరు పెట్టని బటన్ కనిపిస్తే ‘బటన్’ అంటుంది. ఏం బటనమ్మా? బటన్. దేనికమ్మా? బటన్. అంతకు మించి దాని దగ్గర సమాచారం లేదు, పాపం, వెబ్‌సైట్ చేసినవాళ్లు దానికి చెప్పలేదు.

కరెంటు బిల్లు కట్టాలంటే ‘బటన్, బటన్, బటన్’. గ్యాసు బుక్ చేయాలంటే ‘ఇమేజ్, బటన్, ఇమేజ్’. ఏం చేస్తాడు జకర్యా? కర్ర తీసుకుని సందు చివర తిరుమల్ మొబైల్ షాపుకు వెళ్తాడు. అక్కడ చాయ్ వస్తుంది. నలుగురు చేరతారు. ఒకడు కార్డు నంబరు చదువుతాడు, ఇంకొకడు ఓటీపీ పైకి అరుస్తాడు, మూడోవాడు సరిగా కొట్టావో లేదో చూస్తాడు. జకర్యా ఖాతా పాస్‌వర్డ్ ఆ షాపులో పిల్లాజెల్లాకు కంఠస్థం. ఇంత మంది మీద ఇంత నమ్మకం పెట్టుకున్నవాడు సికింద్రాబాద్‌లో ఇంకొకడున్నాడా?

ఒకసారి ఈస్టర్‌కు చొక్కా కొనుక్కుందామనుకున్నాడు. బట్టలమ్మే వెబ్‌సైట్‌లో చొక్కాలన్నీ సవతికి ‘ఇమేజ్’లే. రంగు ఎక్కడా రాసి లేదు. తిరుమల్ దయతలిచి తనకు నచ్చింది ఆర్డరిచ్చాడు. అది చిలకపచ్చదని జకర్యాకు ఈస్టర్ ఆరాధన మధ్యలో, క్వయర్‌లో పక్కన నిలబడ్డ యెషయా నవ్వాపుకోలేక దగ్గితే తెలిసింది. రోసమ్మ తెలిసీ చెప్పలేదు. “మంచిగనే ఉన్నది, పండుగ లెక్క ఉన్నది” అంది తర్వాత అడిగితే.

ఇవన్నీ చిన్న ఆశీర్వాదాలు. అసలు ఆశీర్వాదం ఈ మధ్యనే దొరికింది.

జకర్యాకు మెడ దగ్గర చిన్న గడ్డ తగిలింది. గడ్డం గీసుకుంటుంటే వేళ్లకు తెలిసింది. రోసమ్మకు బీపీ ఉంది. ఊరికే హడలిపోతుంది. అందుకని ఆమెకు చెప్పకుండా మోండా మార్కెట్‌కు పోతున్నానని ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు ల్యాబుకు పంపాడు. ల్యాబులో సూదితో కాస్త తీసి పరీక్షకు పెట్టారు. వచ్చేటప్పుడు అబద్ధం నిలబడాలి కదా, మార్కెట్‌లో దిగి సంచెడు వంకాయలు కొన్నాడు. ఇంట్లో అప్పటికే వంకాయలున్నాయి.

రిపోర్టు తనే ముందు వినాలి. ఆ తర్వాత రోసమ్మకు తనే చెప్పాలి. జకర్యా కోరిక ఇంతే. ఎలా చెప్పాలో కూడా అనుకున్నాడు. సాయంత్రం చాయ్ తాగుతూ, ఆమె చెయ్యి పట్టుకుని. మంచి వార్తయితే వంకాయల కథ చెప్పి నవ్వించాలి. చెడ్డదైతే ముందు చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. ఇన్నేళ్లు ఎవరెవరి మాటలో ఎవరెవరికో కలిపిన మనిషి. తన మాట తన పెళ్లానికి తనే చెప్పుకోవాలనుకోవడం పెద్ద ఆశా?

పెద్దదే! మానవ సంబంధాలను గాలికొదిలేసే స్వార్థం అది. ల్యాబు వెబ్‌సైట్ దాన్ని ఎంత నేర్పుగా సరిదిద్దిందో చూడండి.

రిపోర్టు సిద్ధమైందని మెసేజ్ వచ్చింది. సవతి చక్కగా చదివింది. కింద లింకు. నొక్కాడు. మొదట ‘నేను రోబోను కాదు’ అని నిరూపించుకోమంది. ఎలా? ట్రాఫిక్ సిగ్నళ్లున్న బొమ్మలు ఏరాలట. చూపు లేనివాడు మనిషి కాదని ఆ వెబ్‌సైట్ ఎక్కడా అనలేదు, మర్యాద గల వెబ్‌సైట్ అది. బొమ్మలు ఏరమంది, అంతే.

పేజీ చివర ‘దివ్యాంగుల సౌకర్యం’ అని ఒకటుంది. ఆశగా నొక్కాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. అంటే, అప్పటిదాకా చిన్నగా కనిపించకుండా ఉన్న అక్షరాలు ఇప్పుడు ఇంత లావున కనిపించకుండా ఉన్నాయన్నమాట.

తిరుమల్ షాపుకు వెళ్లి బొమ్మల గండం దాటాడు. “ఏం రిపోర్టు అన్నా?” అన్నాడు తిరుమల్. “సుగర్‌ది” అన్నాడు జకర్యా, ఫోను లాక్కుని. ఇంటి అరుగు మీదికొచ్చి రిపోర్టు తెరిచాడు. సవతి గొంతు సవరించుకుని చదివింది.

“ఇమేజ్.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. రిపోర్టంతా ఒక బొమ్మగా పెట్టారు. బొమ్మలోంచి అక్షరాలు ఏరి చదివే యాప్ ఇంకొకటుంది, దాన్ని తెరిచాడు. రిపోర్టు మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా అడ్డంగా ఏదో ముద్ర కొట్టినట్టున్నారు. యాప్ తడబడకుండా చదివింది. “కాన్ఫిడెన్షియల్. కాన్ఫిడెన్షియల్. కాన్ఫిడెన్షియల్.” చివరిదాకా అదే.

జకర్యా ల్యాబుకు ఫోన్ చేశాడు. రజిత అనే అమ్మాయి ఎత్తింది.

“అమ్మా, నాకు చూపు లేదు. మీరు రిపోర్టు బొమ్మ లెక్క పెట్టిన్రు, నా ఫోను చదువుత లేదు. జెర నువ్వు చదివి చెప్పు.”

“సారీ సర్. ఫోన్‌లో రిపోర్ట్ చెప్పకూడదు. మీ ప్రైవసీ కోసమే సర్. వెబ్‌సైట్‌లో అయితే మీరొక్కరే చూడగలరు.”

“నేనొక్కణ్నే కదమ్మా చూడలేనిది.”

రజిత మంచి పిల్లే. తనకు నేర్పిన జవాబులన్నీ ఒకసారి తిరగేసుకుంది.

“ఎవరితోనైనా చదివించుకోండి సర్” అంది చివరికి, మెల్లగా.

చూశారా? ప్రైవసీ అంటే ఏమిటో ఇంత సూటిగా ఎవరు చెప్పగలరు!

తిరుమల్ దగ్గర నలుగురుంటారు. రోసమ్మను అడగడానికి లేదు. మిగిలింది పక్కింటి పుష్పమ్మ. టీచరుగా రిటైరైంది, ఇంగ్లీషు వచ్చు, నమ్మకస్తురాలు. పైగా చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి పెద్ద. జకర్యా ఆమెతో ముందే ఒట్టు వేయించుకున్నాడు. ఎవరికీ, ముఖ్యంగా రోసమ్మకు, చెప్పకూడదని.

“నా నోట్లకెల్లి రాదు అన్నా” అని పుష్పమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోను తీసుకుంది. చదివింది. చదువుతూనే ఉంది.

“ఏమున్నది చెల్లె?”

“అంతా మంచిగనే ఉన్నదన్నా” అంది పుష్పమ్మ. “డాక్టరును ఒక్కసారి కలువుమన్నరు, గంతే. తొందరగ కలువు.”

టెలిఫోన్ ఆపరేటరు చెవి కదా, ఆ గొంతు కొద్దిగా కిందికి దిగడం జకర్యాకు తెలిసింది. కానీ మంచిమాట నమ్మడం ఎవరికి కష్టం? నమ్మేశాడు. సోమవారం డాక్టరును కలిసి, ఆ సాయంత్రమే రోసమ్మకు వంకాయల కథ చెప్పేద్దామనుకున్నాడు.

పుష్పమ్మ నోట్లో నువ్వుగింజ నానదని గిట్టనివాళ్లు అంటారు. అన్యాయం. ఆమె ఒట్టు తప్పలేదు. మనుషులెవ్వరికీ చెప్పలేదు. దేవుడికి మాత్రం చెప్పుకుంది. దేవుడికి చెప్పుకునే పద్ధతి ఆ చర్చిలో ఒకటుంది. ఆరాధనకు ముందు పాస్టరు అయ్యగారి చెవిన వేయాలి. ఆయన వాక్య ప్రసంగానికి ముందు ప్రార్థన విన్నపాలన్నీ మైకులో వరుసగా వినిపిస్తారు. పుష్పమ్మ ఉద్దేశం మంచిదే, అయ్యగారిదీ మంచిదే. జకర్యా గారింట్లో ఇంకా తెలియదన్న ముక్క మాత్రం ఆ హడావుడిలో ఎవరూ అనుకోలేదు.

ఆదివారం జకర్యా క్వయర్‌లో నిలబడి ఉన్నాడు. తర్వాత వచ్చేది కీర్తన, ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒకరికి ఉద్యోగం కోసం, ఒకరికి మోకాళ్ల నొప్పుల కోసం ప్రార్థించారు అయ్యగారు.

“మన సహోదరుడు జకర్యా గారి మెడలోనున్న గడ్డ నిమిత్తమై... అది క్యాన్సరు అను అనుమానము నిజము కాకుండునట్లును, జరగవలసిన ఆపరేషను క్షేమముగా జరుగునట్లును...”

‘ఆమేన్’ అంది సంఘమంతా. క్యాన్సరనే మాట తన గురించి జకర్యా మొదటిసారి విన్నది అలాగే. స్పీకర్లలో, ఎకో పెట్టిన మైకులో.

జకర్యాకు భయం తర్వాత వేసింది. ముందు ఏడుపొచ్చింది. ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో రోసమ్మ ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన మాట. ఆ చెయ్యి ఇప్పుడు ఎక్కడుందో, ఏం పట్టుకుని ఉందో ఆయనకు తెలియదు. కీర్తన మొదలైంది. కింది గొంతు లేకుండానే సాగింది.

ఇక సంఘం ప్రేమ చెప్పతరమా! గుమ్మం దాటేలోగా ఒకరు మునగాకు రసం తాగమన్నారు, ఒకరు నేరేడ్‌మెట్‌లో చుట్టాలకు ఇలాగే వచ్చి ఏమైందో చెప్పారు, యెషయా క్రిస్మస్‌కు కింది గొంతు ఎవరు పాడాలో ఇప్పుడే అనుకుంటే మంచిదన్నాడు. “నేను ఎవ్వరికి చెప్పలేదన్నా” అంది పుష్పమ్మ, కళ్లొత్తుకుంటూ. “ప్రార్థన విన్నపం ఒక్కటే ఇచ్చిన.” ఒక్క లేబుల్ లేని బొమ్మ ఇంత ప్రేమను కట్ట తెంచి వదిలింది. అదే రిపోర్టు అక్షరాల్లో ఉండుంటే ఏమయ్యేది? భార్యాభర్తలిద్దరూ అరుగు మీద కూర్చుని, ఎవరికీ తెలియకుండా, చాయ్ చల్లారబెట్టుకునేవాళ్లు. ఎంత ఒంటరితనం!

దారంతా రోసమ్మ మోచెయ్యి ఇచ్చి నడిపించింది. ఇంట్లోకి రాగానే అంది.

“సవతికి చెప్పుకున్నవు. నాకు చెప్పబుద్ధి కాలే.”

“దానికి సుత తెల్వది రోసమ్మా. నాకు సుత తెల్వది. అయ్యగారు చెప్తేనే నాకు తెలిసింది.”

రోసమ్మ వంటింటి వైపు తిరిగింది. “మరి గా వంకాయలు?”

“ల్యాబుకు పోయిన నాటివి.”

రోసమ్మ నవ్వబోయింది, మధ్యలోనే ఏడ్చేసింది. జకర్యా గాలిలో చెయ్యి చాపాడు. ఈసారి ఆమే వచ్చి పట్టుకుంది.

గడ్డ ఏమైందంటారా? తీసేశారు. అనుమానం వట్టి అనుమానమేనని, క్యాన్సరు కాదని తేలింది. ఆ వార్త మాత్రం డాక్టరు జకర్యాకు నోటితో చెప్పాడు, జకర్యా రోసమ్మకు చెప్పాడు. క్రిస్మస్‌కు కింది గొంతు ఎవరు పాడాలన్న సమస్య కూడా యెషయాకు తీరిపోయింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం ల్యాబు నుంచి లింకు వచ్చింది. ‘మీ ప్రైవసీని మేము ఎంత బాగా కాపాడాము? స్టార్లు ఇవ్వండి.’ జకర్యా చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కండువా సర్దుకుని, ఒకే ఒక స్టారు ఇద్దామని కూర్చున్నాడు. సవతి చదివింది. “బటన్. బటన్. బటన్. బటన్. బటన్.” ఏది ఒకటో, ఏది ఐదో? ఎవరినైనా పిలుద్దామా అనుకుని, వద్దనుకుని, మొదటిది నొక్కాడు.

వెంటనే మెసేజ్. ఈసారి బొమ్మ లేదు, ముద్ర లేదు. సవతి ఒక్క పొల్లు మింగకుండా చదివింది. “జకర్యా గారూ, మా ప్రైవసీకి ఐదు స్టార్లు ఇచ్చినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. మీ రహస్యం, మా బాధ్యత.”

చూశారా, ఆయనే ఐదు స్టార్లిచ్చాడు! ఇంకా సాక్ష్యం కావాలా?

“ఏమంటున్నది నీ సవతి?” అంది రోసమ్మ లోపలి నుంచి.

“ఏం లేదు” అన్నాడు జకర్యా. “అక్షరాలు లేక రిపోర్టు బొమ్మ లెక్క పెట్టిన్రేమో అనుకున్న. మస్తున్నయి వీళ్ల తాన.”