ఇరవై మూడు ఎర్ర పీలికలు

ఆదివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాలి, పదకొండింటికి కొండ మీద చెల్లెల్ని కలవాలి, ఒంటిగంటకు దిగిపోవాలి. పెద్దక్క వేసుకున్న ప్లానులో ఇంతకు మించి చిక్కేమీ లేదు. అయినా ఆమె అందరికంటే ముందు లేచి, హాల్లో నేల మీద కూర్చుని, పాత ఎర్ర కర్టెనును పీలికలుగా చింపుతోంది.

అది వాళ్ళమ్మ ఇంటి కర్టెను. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసిననాడు, దాని కోసం అక్కాచెల్లెళ్ళిద్దరూ మూతులు ముడుచుకుని, చివరికి కత్తెర తెచ్చి చెరిసగం కోసుకున్నారు. సగం కర్టెను ఇద్దరి ఇళ్ళలోనూ ఏ కిటికీకీ చాలలేదు. పన్నెండేళ్ళుగా ఒక ముక్క ఇక్కడ బీరువాలో, ఒక ముక్క అక్కడ బీరువాలో పడి ఉన్నాయి.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. "ప్రతి మలుపులో బోర్డులున్నాయే బాబూ, బాణం గుర్తులు కూడా వేశారు."

"బోర్డు ఆఫీసు వాళ్ళది. ముడి నాది. దారి చీలిన చోట ముడి వేసి కదలమని మా అమ్మ చెప్పింది."

"ముప్పై ఏళ్ళు ఆ రోడ్డు మీద బస్సు నడిపినవాణ్ణి. కళ్ళకు గంతలు కట్టినా తీసుకెళ్తాను."

"గంతలకు కూడా గుడ్డ మిగులుతుంది లెండి."

కొండకు ఇటువైపు ఊళ్ళో అక్క, అటువైపు ఊళ్ళో చెల్లెలు. బస్సులు తిరిగిన రోజుల్లో నెలకో ఆదివారం ఎవరి ఊరి నుంచి వాళ్ళు బస్సెక్కి పైకి వచ్చేవాళ్ళు. రెండు బస్సులూ కొండ మీద సిమెంటు అరుగు దగ్గర కలుసుకునేవి. ఏటవాలు ఎక్కి వచ్చిన బస్సుకు రేడియేటరు చల్లారాలి కాబట్టి ఇటు బస్సు నడిపే ఆమె భర్త బానెట్ ఎత్తి పది నిమిషాలు ఆపేవాడు. ఆయన బస్సు అడ్డం తొలగితేగానీ అటు బస్సుకు దారి లేదు. ఆ పది నిమిషాల్లో అక్కాచెల్లెళ్ళు పిల్లల జ్వరాలూ అత్తల మాటలూ చెప్పుకుని, నవ్వాల్సినవాటికి నవ్వి, ఏడవాల్సినవాటికి ఏడ్చి, ఎవరి బస్సు వాళ్ళెక్కి దిగిపోయేవాళ్ళు.

నాలుగేళ్ళ కిందట కొండలన్నీ కలిపి పార్కు చేశారు. మోటారు బళ్ళు ఆపేసి, కంకర రోడ్లు సైకిళ్ళకు వదిలేశారు. గాలికి మంచిదన్నారు. నిజమే, గాలి బాగుపడింది. రైల్లో చుట్టు తిరిగి వెళ్ళాలంటే మాత్రం రెండు బళ్ళు మారాలి, పగలంతా పడుతుంది, ఆ కుదుపులకు ఆమె నడుము ఒప్పుకోలేదు. చివరి బస్సు రోజున ఫ్లాస్కు మూత సీటు కింద పడింది. అది వెతికి ఆమె తల ఎత్తేసరికి చెల్లెలి బస్సు మలుపు తిరిగిపోయింది. చెయ్యి ఊపలేదు. నాలుగేళ్ళుగా ఆ ఊపని చెయ్యే ఆమెకు నిద్రలో గుర్తొస్తోంది. డెబ్బై దాటాక, మళ్ళీ కలుద్దాం అనే మాట మీద ఆమెకు నమ్మకం పోయింది.

ఈ మధ్యే గేటు దగ్గర ఇద్దరు తొక్కే బ్యాటరీ సైకిళ్ళు అద్దెకివ్వడం మొదలుపెట్టారు, ఒకటి తీసుకున్నారు. ముందు సీటు ఆయనది, వెనక సీటు ఆమెది. ఆయన ప్రతి మలుపులోనూ బెల్లు కొడుతూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా పక్కకు తీసుకుంటూ, ఉత్సాహంగా నడుపుతున్నాడు.

"ఏమండీ, మీరు తొక్కుతున్నారా అసలు?"

"నేను డ్రైవర్ని. ఇంజను నువ్వు."

దారి చీలిన ప్రతి చోటా బండి ఆపించి ఆమె ఒక పీలిక కట్టింది. కొండ నెత్తికి కాస్త కింద దారి రెండుగా చీలుతుంది: పాత బస్సు రోడ్డు ఒకటి, రాళ్ళ క్వారీ రోడ్డు ఒకటి. రెండూ గుట్టకు చెరోవైపు నుంచి చుట్టి వచ్చి పైన కలుస్తాయి. ఆ చీలిక దగ్గర పదిహేనో ముడి వేసి, బస్సు రోడ్డు పట్టుకుని పైకి ఎక్కారు. తీరా పైన దారులు కలిసే చోటికి చేరేసరికి, అక్కడ కొమ్మకు ఎర్ర పీలిక వేలాడుతోంది.

ఆమె బండి ఆపించింది. "తిరిగి తిరిగి మొదటికే వచ్చాం! ఇది నేను కట్టిన ముడే."

"కాదే. ఇంకో అరకిలోమీటరు వెళ్తే అరుగు."

"మా అమ్మ కర్టెను నాకు తెలీదా? అదే ఎరుపు, అదే అంచు. కళ్ళకు గంతలు లేకుండానే ఇలా తీసుకొచ్చారు!"

పెళ్ళయి యాభై ఏళ్ళయిన మగవాడికి రోడ్డు మీద ఎంత నమ్మకమున్నా భార్య గొంతు అంతకంటే గట్టిది. బండి వెనక్కి తిరిగింది.

అసలు జరిగిందేమిటంటే, చెల్లెలు కూడా అదే అమ్మ కూతురు. ఒకప్పటి డ్రిల్లు టీచరు. అరుగు దగ్గరికి గంట ముందే వచ్చి, కాలు నిలవక, అక్కకు ఎదురు వద్దామని తన సైకిలు మీద ఇటు దిగింది. దారులు కలిసే చోట తన సగం కర్టెనులోంచి ఒక పీలిక కట్టి, క్వారీ రోడ్డున కిందికి వచ్చింది. కింద చీలిక దగ్గర అక్క ముడి చూసి, "అయ్యో, ఇది నేను పైన కట్టిందే కదా, చుట్టూ తిరిగి వచ్చేశాను!" అనుకుని వెనుదిరిగింది. ఒకే గుట్టకు ఇటు అక్క దిగుతోంది, అటు చెల్లెలు ఎక్కుతోంది. మధ్యలో ఉన్న గుట్టకు నోరు లేదు, ఆ ఎత్తులో ఫోన్లకు సిగ్నలూ లేదు.

ఇంతలో బస్సు రోడ్డు కింది నుంచి నలభై మంది సైకిలు క్లబ్బు వాళ్ళు ఎక్కివస్తూ ఎదురయ్యారు.

"అమ్మా, ఎర్ర గుర్తులు పట్టుకుని వస్తున్నాం. సరస్సుకు ఇటేనా?" అన్నాడు ముందున్న కెప్టెను.

"ఇటు కాదు నాయనా! ఇటెళ్తే మళ్ళీ ఇక్కడికే వస్తారు!"

"బోర్డులో సరస్సు ఎడమకనుంది. గుర్తులు ఇటున్నాయి కదా అని..."

"ఆ గుర్తులు కట్టింది నేనే. నేనే తప్పిపోయాను!"

కెప్టెను చెయ్యెత్తాడు. ముందున్న పదిమంది వెనక్కి తిరిగారు, వెనకున్న ముప్పై మంది ఇంకా పైకి వస్తూనే ఉన్నారు. హ్యాండిలుకు హ్యాండిలు తగులుకుంది. మోటారు బళ్ళు పోయిన నాలుగేళ్ళకు ఆ రోడ్డు మీద మొదటిసారి ట్రాఫిక్ జామ్ అయింది. డ్రైవరు బండి దిగి, జేబులోంచి రుమాలు తీసి, "పసుపు టోపీ, వెనక్కి! నీలం చొక్కా, ఆగు! రానీ, రానీ, రానీ..." అంటూ విజృంభించాడు. ఆయన ముఖంలో అంత వెలుగు ఆమె చూసి చాలా ఏళ్ళయింది.

పార్కు గార్డు సైకిలు తొక్కుకుంటూ రొప్పుతూ వచ్చాడు. "ఎవరిచ్చారు పర్మిషను? ఈ పోటీ పెట్టిందెవరు?"

నలభై వేళ్ళు పెద్దక్క వైపు చూపించాయి.

"పోటీ లేదు, పాడూ లేదు నాయనా. నా చెల్లెలు పైన ఎదురుచూస్తోంది..."

గార్డు నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. కొండకు అటువైపు గార్డు గొంతు. "అరుగు దగ్గర ఒక పెద్దావిడ ఈల వేస్తోంది. అక్క తప్పిపోయిందట. చేతినిండా ఎర్ర పీలికలు. ఆపమంటే నన్ను వరసలో నిలబడమంటోంది. ఏం చెయ్యమంటావ్?"

పెద్దక్క వాకీటాకీ లాక్కుంది. "ఒసేయ్! పైన ముడి నువ్వు కట్టావా?"

"అక్కా! కింద ముడి నీదా?"

"నువ్వు అక్కడే ఉండు, నేనొస్తున్నా!"

"నువ్వే కదలకు, నేను దిగుతున్నా!"

"ఇద్దరూ కదలొద్దు!" అని గార్డు అరిచాడు. ఇద్దరూ కదలకపోతే అసలు పనే కాదని అప్పుడు తోచి, ముందు తన సైకిలు నడుపుతూ దంపతుల్ని స్వయంగా పైకి తీసుకెళ్ళాడు. ఏం చెయ్యాలో తెలీక నలభై మందీ వెనకే వచ్చారు.

అరుగు అలాగే ఉంది, అంచులు మాత్రం అరిగాయి. చెల్లెలు మెడలో ఈలతో నిలబడి ఉంది.

"మబ్బు దిగుతుంది. పన్నెండున్నరకల్లా పైన ఎవరూ ఉండకూడదు. పదే నిమిషాలు," అన్నాడు గార్డు.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

"చిక్కిపోయావే," అంది అక్క.

"నువ్వు లావయ్యావు. బావగారు ఒక్కరే తొక్కుతున్నారు కాబోలు." చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "ఆ కింద వేసింది జారుముడి. అమ్మ చూస్తే మొట్టేది."

అక్క నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. పన్నెండున్నర అయింది. గార్డు గడియారం చూసి లేచాడు. డ్రైవరు మాత్రం సైకిలు పక్కన గొంతుక్కూర్చుని, బ్యాటరీ పెట్టె మూత తెరిచి టోపీతో విసురుతున్నాడు.

"బాగా వేడెక్కింది బాబూ. చల్లారాలి. బ్యాటరీతో ఆటలా?"

గార్డు వంగి బ్యాటరీ మీద చెయ్యి పెట్టాడు. ఐసుగడ్డలా ఉంది. ఆయన ముఖం చూశాడు, అరుగు వైపు చూశాడు.

"అవును," అన్నాడు. "కాస్త వేడిగానే ఉంది."

పెద్దక్క ఆ టోపీ విసరడం చూస్తూ ఉండిపోయింది. "ఏమండీ, ఆ రోజుల్లో రేడియేటరు చల్లారడానికి నిజంగా పది నిమిషాలు పట్టేదా?"

"రెండు," అన్నాడాయన తల ఎత్తకుండా.

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారి చెప్పలేదేం?"

"చెప్తే ఇరవై అడిగేదానివి."

ఆ బ్యాటరీ చల్లారేసరికి ఒంటిగంటయింది. దిగేటప్పుడు పెద్దక్క ఫ్లాస్కును ఒడిలో గట్టిగా పట్టుకుని, మలుపు తిరిగేదాకా మెడ వెనక్కి తిప్పి చెయ్యి ఊపుతూనే ఉంది. పై నుంచి ఈల వినిపిస్తూనే ఉంది.

గేటు దగ్గర గార్డు కాగితం రాసిచ్చాడు. పార్కులో అనుమతి లేకుండా కట్టిన ఎర్ర పీలికలు రెండువైపులా కలిపి ఇరవై మూడు. కట్టినవాళ్ళే వచ్చి, ఎన్ని విడతలు పట్టినా, అన్నీ విప్పి తీసుకుపోవాలి.

నెలకో ఆదివారం చొప్పున ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళి శ్రద్ధగా విప్పి వచ్చారు. కిందటి వారం గార్డు లెక్కపెడితే ఇరవై తొమ్మిది ఉన్నాయి.